గిరిగారు వదలిన పదవి: కార్మిక శాఖవారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర కార్మిక, ఉపాధి, శిక్షణ, కర్మాగారముల శాఖామాత్యులకును, ఆ శాఖ ముఖ్య కార్యదర్శి గారికిని, కార్మిక కమిషనరు గారికిని —

మహాశయులారా,

2025 జూలై 5వ తేదీన మీ శాఖ 282వ సంఖ్యగల ఉత్తర్వు నొకదానిని వెలువరించినది. 1988 నాటి దుకాణములు, సంస్థల చట్టమునందలి 16, 17 సెక్షనుల నుండి వాణిజ్యసంస్థలకు మినహాయింపు నొసగి, అందు పనిచేయువారి దినమును 8 గంటల నుండి 10 గంటలకు పొడిగించుటకు ఆ ఉత్తర్వు అనుమతించినది. వారమునకు 48 గంటల పరిమితి యట్లే నిలిచియున్నదనియు, అంతకు మించిన పనికి అదనపు వేతనము చెల్లింపవలెననియు, విరామముతో గూడ దినమునకు 12 గంటలు దాటరాదనియు అందు వ్రాయబడిన నియమములను నేను చదివియే యున్నాను. మూడు మాసములకు 144 గంటల మేర అదనపు పని చేయించుకొనవచ్చునన్న వాక్యమును గూడ చదివితిని. వ్యాపారనిర్వహణ సులభతరము కావలెనను ఉద్దేశముతో ఈ మార్పు చేసితిమని మీరు చెప్పితిరి. వ్యాపారము చేయువారి కోరిక మీ చెవి సోకినది. ఆ పది గంటలు నిలువబడి పనిచేయువారి మాట ఏ సభలో, ఏ సంఘము ద్వారా, ఏ దినమున మీరు వింటిరో ప్రజలకు చెప్పగలరా?

ఈ ప్రశ్న నడుగుటకు నాకు అధికారమిచ్చినది నేను నివసించు ఈ నేలయే. మేడ్చల్ మీదుగా నాగపూరునకు పోవు 44వ జాతీయ రహదారికి ఇరువైపులను, శామీర్‌పేట మీదుగా కరీంనగరమునకు పోవు రాజీవ్ రహదారి వెంబడిని ఒకప్పుడు ద్రాక్షతోటలుండెడివి. నేడా నేలలో రేకుల కప్పులతో బారులు తీరిన గోదాములును, గుండ్లపోచంపల్లి దుస్తుల పార్కును, తుర్కపల్లి చుట్టును జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలలును వెలసినవి. ఉత్తర్వు సచివాలయమునందు పుట్టినను, దాని బరువు పడునది ఇచ్చటి గోదాములయందును, కార్యాలయములయందును, సేవాసంస్థలయందును పనిచేయువారి వీపులపైననే.

తెల్లవారి యింకను వెలుగు పూర్తిగా రాని వేళ ఒక్కమారు అలియాబాద్ చౌరస్తాలో నిలిచి చూడుడు. రహదారి ప్రక్కన వ్యాను కొరకు ఎదురుచూచు స్త్రీలు పదుగురు కానవత్తురు. భుజమున వ్రేలాడు సంచిలో స్టీలు టిఫిను డబ్బా, నీళ్ల సీసా. మెడలో గుర్తింపు కార్డు. ఆ కార్డుపై పెద్ద అక్షరములతో ముద్రింపబడియుండునది వారిని పనికి పంపిన కాంట్రాక్టరు పేరు, తాము పనిచేయు కంపెనీ పేరునకు దానిపై చోటుండదు. గోదాములో చేతి స్కానరుతో పెట్టె పెట్టెపై గల గీతలను చదివించుచు, ఒక అర నుండి మరియొక అరకు నడచుచు, డ్యూటీ ముగియువరకు వారు నిలబడియే యుందురు. ఎన్ని పెట్టెలు చదివినదియు, నడుమ ఎన్ని నిమిషములు ఆగినదియు ఆ స్కానరే లెక్క చెప్పును. ఇల్లు విడిచినది మొదలు మరల ఇల్లు చేరువరకు, ఎనిమిది గంటల డ్యూటీకే పది పదునొకండు గంటలు గడచుచున్నవి. మీరు చేర్చిన రెండు గంటలను ఆ తల్లులు ఎచ్చటినుండి తెచ్చి యీయవలెను? నిద్రనుండియా, పొయ్యి ముందటి వేళనుండియా, బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని పలక దిద్దించు అరగంటనుండియా?

వారపు పరిమితి మారలేదు కదా యని మీరు సమాధానము చెప్పుదురు. మూడు మాసములకు 13 వారములు; 144 గంటలను వాటికి పంచినచో వారమునకు ఇంచుమించు 11 గంటలు వచ్చును. 48కి 11 చేర్చినచో 59 గంటలు. ఈ గణితమును మీ శాఖలో ఎవరును చేయలేదని నేననుకొనను. అదనపు పనికి అంగీకరింపనని చెప్పు స్వేచ్ఛ కాంట్రాక్టు కార్మికునకు కలదా? రేపటినుండి రావలదు అని ఒక్క ఫోను సందేశముతో తొలగింపబడగలవాడు, కాదు అను మాటను ఏ ధైర్యముతో పలుకగలడు? అదనపు గంటలకు చెల్లింపవలసిన సొమ్ము పేస్లిప్పులో ఏ పద్దు క్రింద చేరినదో, అసలు చేరినదో లేదో, పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. తగ్గింపులు పోగా చేతికి వచ్చిన మొత్తమును మాత్రమే చూచుకొను ఆ మనిషికి విప్పి చెప్పువారెవరు?

విప్పి చెప్పుటకును, అడుగుటకును పుట్టినదే కార్మిక సంఘము. ఆ సంఘములనుండి పుట్టినదే, మహాశయులారా, మీరు కూర్చున్న పీఠమునకు గల గౌరవము. ఈ దేశమున కార్మిక శాఖకు ప్రతిష్ఠ తెచ్చినవారు కర్మాగారపు గేటు ముందర ప్రసంగించి, సమ్మె నడపి, జైలు చూచి, పిమ్మట శాసనసభలో అడుగుపెట్టినవారు. వారిలో మొట్టమొదట చెప్పదగినవారు మన తెలుగువారైన వరాహగిరి వెంకటగిరిగారు. వారి జీవితమును మీకు గుర్తుచేయుట అవసరమైనదని తలంచుచున్నాను. నగరమునుండి శామీర్‌పేటకు వచ్చు దారిలో బొల్లారమున గల రాష్ట్రపతి నిలయము 1969 నుండి 1974 వరకు ఆయనకు దక్షిణదేశపు విడిదిగా నుండినది. 2023 నుండి ఏడాది పొడవునను ప్రజలు దానిని చూచుటకు అనుమతి కలదు. సెలవునాడు మా ప్రాంతపు కార్మికులును బిడ్డలతో వెళ్లి ఆ తోటలలో తిరుగుచున్నారు. ఆ ఇంట విడిది చేయు అధికారమును పొందినవారిలో ఒకరు తమ పక్షమున సమ్మెలు నడపినవారని వారికి తెలిసియుండవలదా?

1894 ఆగస్టు 10న నాటి గంజాము సీమలోని బరంపురమున జన్మించి, 1913లో న్యాయశాస్త్రము చదువుటకై డబ్లిను నగరమునకు పోయిన గిరిగారు, ఐర్లండు స్వాతంత్ర్యవీరుల సాంగత్యమున పడి, కార్మికనాయకుడైన జేమ్స్ కానొలీ తుపాకిగుండ్లకు బలియైన ఆ 1916వ సంవత్సరముననే ఆ దేశమును వీడిరావలసి వచ్చినది. న్యాయవాదిగా ధనార్జన చేయదగిన వయస్సున ఆయన బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘమును చేపట్టినారు. 1927–28లో ఉద్యోగులను తొలగించుటకు వ్యతిరేకముగా ఆ రైల్వేలో సాగిన పోరాటమునకు ఆయన నాయకత్వము వహించిరి. ఆ 1927లోనే జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభకును, 1931లో లండనులో జరిగిన రెండవ రౌండు టేబిలు సమావేశమునకును భారత కార్మికుల ప్రతినిధిగా పోయిరి. అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసునకు రెండుమారులు అధ్యక్షులైరి. 1937 ఎన్నికలలో మద్రాసు రాజధానికి ప్రధానిగా నుండిన బొబ్బిలి రాజావారిని ఆయన సొంతగడ్డయైన బొబ్బిలిలోనే ఓడించి, రాజాజీ మంత్రివర్గమున కార్మిక, పరిశ్రమల శాఖను స్వీకరించిరి. జమీందారుల ప్రాబల్యము కొండవలె నిలిచిన ఆ కాలమున, సంఘము పెట్టుకొన్న కూలివాని పక్షమున నిలిచినవాడు రాజును గెలిచినాడన్న వార్త ఉత్తరాంధ్ర పల్లెలలో ఎట్లు వినబడియుండునో ఊహించుకొనుడు.

అయినను ఆయన జీవితమున నేను మీ యెదుట ఉంచదలచిన ఘట్టము విజయము కాదు, పదవీత్యాగము. 1952లో పాతపట్నమునుండి లోక్‌సభకు ఎన్నికై, నెహ్రూగారి మంత్రివర్గమున కార్మికమంత్రియైన గిరిగారు, కార్మికులును యాజమాన్యములును ముఖాముఖి కూర్చుండి తమ వివాదములను తామే పరిష్కరించుకొనవలెననియు, నిర్బంధ న్యాయవిచారణపై ఆధారపడుట తగదనియు వాదించిరి. అదియే గిరి పద్ధతి యను పేరున నేటికిని కార్మికశాస్త్రమున చదువబడుచున్నది. బ్యాంకు ఉద్యోగుల వేతనవివాదములో లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునలు 1954లో తీర్పు చెప్పగా, కేంద్రప్రభుత్వము ఉద్యోగులకు నష్టము కలుగునట్లు ఆ తీర్పును సవరించినది. మంత్రివర్గమంతయు ఒక నిర్ణయము చేసిన పిమ్మట కార్మికమంత్రి చేయదగినదేమి? శాఖ మారినను పదవి నిలిచిన చాలుననుకొనువారు నాడును కలరు, నేడును కలరు. గిరిగారు ఆ ఆగస్టులోనే రాజీనామా చేసిరి. ప్రభుత్వము మరల విచారణసంఘమును నియమింపవలసి వచ్చినది. అరువదేండ్ల వయస్సున, తిరిగి పదవి వచ్చునో రాదో తెలియకుండ, తనను ఎన్నుకొన్నవారైనను కాని బ్యాంకు గుమాస్తాల కొరకు ఆయన కేంద్రమంత్రి పదవిని విడిచిరి. కార్మికశాఖ అనగా ప్రభుత్వములో కార్మికుని పక్షమున నిలుచు శాఖయని ఆ ఒక్క చర్యతో దేశమునకు తెలిసినది.

ఆయనను దేవునిగా నిలుపుట నా ఉద్దేశము కాదు. 1974 మే నెలలో రైల్వే కార్మికులు ఇరువది దినములు సమ్మె చేసినప్పుడు, వేలకు వేలుగా వారు నిర్బంధింపబడి, కుటుంబములు రైల్వే క్వార్టర్లనుండి వెడలగొట్టబడినప్పుడు, రాష్ట్రపతి భవనమున నుండినది ఆ రైల్వే కార్మికుల సంఘములను కట్టిన గిరిగారే. రాజ్యాంగము రాష్ట్రపతి చేతులను కట్టివేయునన్నది నిజము. కాని 1954లో రాజీనామా పత్రము వ్రాసిన ఆ చేయి 1974లో కదలకపోవుటను నేను క్షమింపజాలను. పదవి ఎంత ఎత్తునకు పోవునో సంఘపు గేటు అంత దూరమగునన్న ప్రమాదమును ఆయన జీవితమే చూపినది. మీరు ఆ రెండు సంవత్సరములను కలిపి చదువుకొని, ఏ గిరిగారి దారిన నడువదలచితిరో నిర్ణయించుకొనుడు.

మన నగరము మాత్రము తక్కువదా? మఖ్దూం మొహియుద్దీను, రాజ్ బహదూర్ గౌర్ నిజాము పాలనలోనే కార్మికులను సంఘటితపరచిరి. ఆల్విన్ కర్మాగారమున అణాల కూలికి పనిచేసిన టంగుటూరి అంజయ్యగారు కార్మికనాయకుడై, 1980లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి పీఠమెక్కిరి. ఆజామాబాదు సిగరెట్టు కర్మాగారపు కార్మికులను నడపిన నాయిని నరసింహారెడ్డిగారు 1978లో ముషీరాబాదున ఆ అంజయ్యగారినే ఓడించిరి. ఒక కార్మికనాయకుని మరియొక కార్మికనాయకుడు ఓడించుట ఈ నగరమున వింతగా తోచని కాలమది. తెలంగాణ తొలి ప్రభుత్వమున హోంశాఖతో బాటు మీ కార్మికశాఖయు ఆ నాయినివారి చేతిలోనే యుండినది. గుడిసెవాసుల నాయకులైన కాకా వెంకటస్వామిగారు కేంద్రమున కార్మికశాఖను చూచుచున్న దినములలో, 1995 నవంబరు 16న, ఉద్యోగుల పింఛను పథకము అమలునకు వచ్చినది. ఆయన కుమారులు వివేక్ గారే 282వ ఉత్తర్వు వెలువడిననాడు మీ శాఖకు మంత్రి. తండ్రి పేరుతో కుమారుని నిందించుట నాకిష్టము లేదు. ఆ ఇంటి కథ తెలిసినవారు గనుకనే ఈ మొర వినగలరన్న ఆశతో ఆ పేరు తలచితిని. అంతకు ముందు 2019 నుండి 2023 వరకు కార్మికశాఖ మా మేడ్చల్ శాసనసభ్యుని చేతిలోనే యుండినది. మంత్రి మా వాడైనను, మా గోదాముల ముందర కూలిరేటు మా మాటతో నిర్ణయింపబడలేదు. కనీస వేతనములను ఐదేండ్ల కొకమారు సమీక్షింపవలెనని శాసనము చెప్పుచుండగా, 2021లో తయారైన వేతన ఉత్తర్వులు గెజెట్టున కెక్కకయే ఏండ్లు గడచినవి. పనిగంటలు పెంచు ఉత్తర్వు మాత్రము జూలై 5న సంతకమై జూలై 8నుండి అమలగునని ప్రకటింపబడినది. వేతనమునకు లేని వేగము గంటల కెట్లు వచ్చినది?

ఇప్పుడు అసలు నా మనస్సున మెదలు ప్రశ్న నడుగుదును. మేడ్చల్ గోదామునుండియో, శామీర్‌పేట ప్రయోగశాలనుండియో నేడొక అంజయ్య లేచి రాగలడా? ఆల్విన్‌లో అంజయ్యగారికి ఒక యజమాని యుండెను, ఒక గేటు ఉండెను, ఏండ్ల తరబడి తన ప్రక్కననే పనిచేసిన సహచరులుండిరి. నేటి కాంట్రాక్టు కార్మికునకు ఆరు మాసముల కొకమారు కాంట్రాక్టరు మారును, గోదాము మారును, ప్రక్క మనిషి మారును. ఒడిశానుండియు, బీహారునుండియు వచ్చినవాడు ఒక్క గదిలో పలువురితో తలదాచుకొని, ఓటు స్వగ్రామమున విడిచి వచ్చినాడు. లోపలినుండి నాయకుడు పుట్టుట దుర్లభమైనచో వెలుపలివారు రావలెను. గిరిగారును రైలు నడపినవారు కారు, న్యాయవాదియై వచ్చి సంఘమును నిలిపినవారు. కాని వెలుపలివారు సంఘ కార్యవర్గమున మూడవవంతు, ఐదుగురు అను రెండింటిలో ఏది తక్కువైన దానికి మించరాదని కార్మిక సంఘముల చట్టమునకు చేసిన 2001 సవరణ చెప్పినది. కొత్త పారిశ్రామిక సంబంధముల స్మృతియు అదే దారిన నడచుచు, సమ్మెకు 14 దినముల ముందు నోటీసును అన్ని పరిశ్రమలకును తప్పనిసరి చేసినది. లోపలివానికి భయము, వెలుపలివానికి హద్దు. ఇక సంఘమెట్లు పుట్టును? సంఘము పుట్టనిచో మీ శాఖకు రేపు మంత్రియైనవాడు కార్మికుని కష్టమును ఫైలులో తప్ప ఎచ్చట చూచును?

282వ ఉత్తర్వునకు ఐదు దినముల ముందు, జూన్ 30న, పాశమైలారమున ఒక ఔషధ పరిశ్రమలో సంభవించిన విస్ఫోటనమున యాభై మందికి పైగా కార్మికులు ప్రాణములు కోల్పోయిరి. శిథిలములలో బంధువుల ఆనవాళ్లకై తల్లులు వెదకుచున్న వారముననే పనిదినమును పొడిగించు కాగితముపై సంతకము పడినది. కర్మాగారములు వేరు, వాణిజ్యసంస్థలు వేరు, చట్టములు వేరు అని మీరు చెప్పవచ్చును. శాఖ ఒక్కటియే కదా? ఆ వారమున ఆ శాఖ తలుపు తట్టవలసిన మొదటి కార్యమేది? తనిఖీ అధికారులను పంపుటయా, గంటలను పెంచుటయా?

శాసనమును గూర్చి మరియొక మాట. దినమునకు 8 గంటల పనియను నియమమును 1919లో వాషింగ్టనున కూడిన అంతర్జాతీయ కార్మిక మహాసభ తన మొట్టమొదటి ఒడంబడికగా ఆమోదించినది. 2025 నవంబరు 21న కేంద్రము అమలులోనికి తెచ్చిన నాలుగు కార్మిక స్మృతులయందు నేను ఒప్పుకొనలేనివి పెక్కు గలవు. అయినను వృత్తిభద్రతా స్మృతి సయితము 25వ సెక్షనున దినమునకు 8 గంటలనే చెప్పుచున్నది. యాజమాన్యములకు అనుకూలమని సంఘములు ఏవగించుకొను స్మృతియే ఎనిమిదితో ఆగగా, సంఘనాయకుల వారసత్వము గల రాష్ట్రశాఖ పదికి పోవుట న్యాయమా? శామీర్‌పేటలోనే నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయము 1998 నుండి దేశమునకు న్యాయవాదులను తయారుచేయుచున్నది. ఆ ప్రాంగణములోని విద్యార్థులు పుస్తకమున చదువు ఎనిమిది గంటలు, ప్రాకారము దాటి రహదారి మీదికి వచ్చునప్పటికి పది కావలెనా?

పెట్టుబడి వెళ్లిపోవునన్న భయము మీ ఉత్తర్వునకు మూలమని నేనెరుగుదును. జీనోమ్ వ్యాలీలో కోవాగ్జిన్ టీకా తయారగుట ఈ ప్రాంతమునకు గర్వకారణము. ఆ టీకాను తయారుచేసిన చేతులును, సీసాలను పెట్టెలకెత్తిన చేతులును ఒక్క రహదారినే నడచినవి. 2020 వేసవిలో, పని ఆగిన నాడు, వలసకార్మికులు బిడ్డలను భుజములకెత్తుకొని ఈ మేడ్చల్ రహదారిననే ఉత్తరదిక్కునకు కాలినడకన పోయిరి. ఊరివారు చెట్లక్రింద నీళ్లును, అన్నపు పొట్లములును పెట్టిరి. ఏ కంపెనీ జాబితాలోను వారి పేర్లు లేకపోవుటచేత వారికెంత రావలెనో, ఎవరీయవలెనో ఎవరికిని తెలియలేదు. ఆ జాబితాలను సరిచేయుట మీ కర్తవ్యము. అది చేసినచో పెట్టుబడి పోదు. శ్రమను లెక్కలో వ్రాయు యజమాని నిజాయతీగల యజమాని. అట్టివారు మీనుండి రెండు గంటలను యాచింపరు.

కనుక నా విన్నపము స్పష్టము. 282వ ఉత్తర్వును ఉపసంహరింపుడు. ఇకపై పనిగంటలను గూర్చి గాని, వేతనములను గూర్చి గాని నిర్ణయము చేయుటకు ముందు ఏ.ఐ.టి.యు.సి., సి.ఐ.టి.యు., ఐ.ఎన్.టి.యు.సి., హెచ్.ఎం.ఎస్., బి.ఎం.ఎస్. ప్రతినిధులను యాజమాన్యములతో సమానముగా కూర్చుండబెట్టి, వారి మాటను గెజెట్టునకు ముందే వినుడు. మేడ్చల్, శామీర్‌పేట గోదాముల గేట్లపై పనిగంటలను, అదనపు వేతనపు రేటును, ఫిర్యాదు చేయవలసిన అధికారి పేరును తెలుగు, హిందీ, ఒడియా భాషలలో వ్రాయించుడు. సంఘము పెట్టుకొన్నందుకు ఒక్క కాంట్రాక్టు కార్మికుడు తొలగింపబడినను, మీ కార్యాలయమునుండి ఒక అధికారి ఆ గేటు వరకు వచ్చుననియు, ఆ గేటు లోపల కార్మికుని మాట వినుననియు వ్రాతపూర్వకముగా ప్రకటింపుడు.

మంత్రివర్యులకు ప్రత్యేకముగా ఒక ప్రార్థన. మంత్రివర్గమున ఈ ఉపసంహరణ ప్రతిపాదన ఓడిపోయినచో మీరేమి చేయుదురని నేను అడుగను. 1954లో గిరిగారేమి చేసిరో మీకు తెలియును.

ఇట్లు,
భవదీయుడు,
శామీర్‌పేట మండల వాసి